అమ్మకి ఒక సెట్టు

కోవిల్‌పట్టి,
12 జూన్ 2024.

తమ్ముడు శ్రీనివాసన్‌కు,

ఇక్కడ అందరం తిని తిరుగుతున్నాం. అంతకంటే రాయడానికి మంచి మాట లేదు.

ఫోన్ చేయకుండా ఉత్తరమేమిటని అనుకోవద్దు. ఇల్లు ఒక గదే. ఫోను ఎప్పుడూ కణ్ణన్ చేతిలోనే ఉంటుంది. నా కొడుక్కి తెలుగు మాట్లాడడం వచ్చు గాని చదవడం రాదు. పుదూరు పక్కన మన ఊరి బడిలో మనిద్దరం అయిదో తరగతి దాకా నేర్చుకున్న అక్షరాలు ఇన్నాళ్ళకు ఇలా పనికొస్తున్నాయి. జవాబు ఇంటికి రాయకు. నేను పనిచేసే అగ్గిపెట్టెల ఆపీసు అడ్రసుకు రాయి.

పోయిన వారం కణ్ణన్ బడి హెడ్మాస్టరు నన్ను పిలిపించాడు. బడి గోడ వెనక ఇద్దరు పిల్లలు గంజాయి పొట్లంతో దొరికారట. వాళ్ళ పక్కన వీడూ ఉన్నాడు. వీడి చేతిలో ఏమీ లేదు. కానీ వీడి కళ్ళు సరిగా లేవని, నిలబడే తూగుతున్నాడని, ఇంట్లో ఒకసారి చూసుకోమని చెప్పాడు. పదకొండో తరగతి, ప్లస్ వన్‌లో మూడు సబ్జెక్టులు పోయినప్పుడే నాకు అనుమానం వచ్చి ఉండాల్సింది.

చూశాను. జేబులు చూశాను. సంచి తిరగేసి దులిపాను. బూట్లలో చేయి పెట్టాను. వాడు నిద్రపోతుంటే నోటి దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాను. ఏమీ దొరకలేదు. కానీ ఏదో ఉంది. మధ్యాహ్నమంతా పడుకుంటాడు. అన్నం కెలికి లేస్తాడు. ఒక పూట నవ్వుతూ నా చుట్టూ తిరుగుతాడు, ఇంకో పూట పిలిస్తే కరవడానికి వస్తాడు.

మీ బావ ఆలంగుళంలో సున్నపురాయి లారీ వదిలి శనివారం ఇంటికి వచ్చినప్పుడు సంగతి చెప్పాను. బెల్టుతో కొట్టాడు. కణ్ణన్ అరవలేదు. కొట్టించుకుని లేచి చొక్కా సర్దుకున్నాడు. నాకు అది చూసి భయం వేసింది.

వాణ్ణి కొన్నాళ్ళు నీ దగ్గర పెట్టుకో. ఆ స్నేహాల నుంచి దూరమైతే చాలు. మేనమామ ఇంటికి చదువుకోవడానికి వచ్చాడని చెప్పు. ముత్తులక్ష్మికి తప్ప ఇంకెవరికీ నిజం చెప్పకు.

ఇట్లు,
అక్క గురువమ్మాళ్.


విరుదునగర్,
17 జూన్.

అక్కకు,

ఉత్తరం అందింది. వాడికి ఫోను కొనిచ్చిన రోజే చెప్పాను, నువ్వు వినలేదు. ఒక్కడే కొడుకని గాలికి వదిలారు. బావ వారానికి ఒక రోజు తండ్రి, నువ్వు రోజంతా ఫ్యాక్టరీలో. వాణ్ణి ఎవరు చూశారు?

ముత్తులక్ష్మి ఒప్పుకోలేదు. మా కార్తికకు పద్నాలుగేళ్ళు, వరస అయిన పిల్ల ఇంట్లో ఉండగా ఇలాంటి వాణ్ణి తెచ్చి పెడితే రేపు మన వాళ్ళలో ఏమంటారని రెండు రోజులు అన్నం దగ్గర అదే మాట. నేను సర్దిచెప్పాను. చెప్పానంటే, ఆమె మాట్లాడడం మానేసింది.

పంపు. ఆదివారం బస్సు ఎక్కించు. బడికి కామెర్లని చెప్పు, ఒక నెల లీవు ఇస్తారు. పొద్దున ఆరుకు నాతో పప్పు మిల్లుకు వస్తాడు. నేను కాటా దగ్గర ఉంటాను, వాడు నా కళ్ళముందే సంచులు కుడతాడు. ఫోను నువ్వే పెట్టుకో. నెల తిరిగేలోపల మనిషిని చేసి పంపిస్తాను.

శ్రీనివాసన్.


కోవిల్‌పట్టి,
24 జూన్.

తమ్ముడికి,

నిన్న బస్సు ఎక్కించాను. కిటికీ పక్కన కూర్చుని ఒక్కసారి కూడా ఇటు చూడలేదు.

వాడు లేక ఇల్లు బోసిపోయిందని రాయను. ఊపిరి పీల్చుకున్నాను. కన్న తల్లి ఇలా రాయకూడదేమో గాని నిజం ఇది.

కొన్ని గుర్తుపెట్టుకో. చేతికి డబ్బు ఇవ్వకు. బాత్‌రూములో ఎక్కువసేపు ఉంటే తలుపు తట్టు. గడియ పెట్టుకోనివ్వకు. వాడి స్నేహితుల పేర్లు వెనక రాశాను, వాళ్ళెవరైనా విరుదునగర్ వస్తే గుమ్మం తొక్కనివ్వకు. తల నొప్పి, కడుపు నొప్పి అంటాడు, నమ్మకు. పనికి ఎగ్గొట్టడానికి.

నాకూ పని పెరిగింది. అంగడికి, మెడికల్‌కు, రేషనుకు పోయేది వాడే. ఇప్పుడు అన్నీ నేనే చూసుకోవాలి. రోజంతా వంగి పుల్లలు నింపి లేచేసరికి నడుము నాది కాదు.

వాడు నీకు మర్యాద ఇస్తున్నాడా?

అక్క.


విరుదునగర్,
8 జూలై.

అక్కకు,

ఇది పెద్ద ఉత్తరం. ఒంటరిగా ఉన్నప్పుడు చదువు.

వచ్చిన రెండో రోజు నుంచే కణ్ణన్‌కు ఒళ్ళు బాగాలేదు. ముక్కు కారింది. ఊరికే ఆవలింతలు. చెమటలు పోసేవి, వెంటనే చలి అని దుప్పటి కప్పుకునేవాడు. కాళ్ళు ఒక చోట పెట్టలేకపోయాడు. నువ్వు నమ్మవద్దని రాశావు కాబట్టి నేను నమ్మలేదు. ఆ స్థితిలోనే మిల్లుకు లాక్కుపోయాను. కుట్టిన సంచుల మీద వాంతి చేసుకున్నాడు. మేస్త్రీ ముందు నా పరువు పోయిందని తిట్టాను కూడా.

వారం ఇలాగే గడిచింది. చివరికి ముత్తులక్ష్మే, పిల్లవాడు చచ్చిపోతే మనం చెప్పుకోవాలి, మందైనా తెచ్చి ఇవ్వు అంది. మెడికల్‌కు పోయి జ్వరం, ఒళ్ళు నొప్పులని ఒక సెట్టు అడిగాను. నాలుగు మాత్రలు కాగితంలో మడిచి ఇచ్చాడు. తెచ్చి వాడి చేతిలో పెట్టాను. వాడు కాగితం విప్పి ఒక్కొక్క మాత్రనీ వేలితో జరిపి చూశాడు.

"ఇది జొరానికి. ఇది గ్యాసుకి. ఇది ఊరికే సత్తువకి ఇచ్చేది. అమ్మ సెట్టులో ఉండేది ఇందులో లేదు మామా" అన్నాడు.

నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. శుక్రవారం పెద్దాసుపత్రికి తీసుకుపోయాను. అక్కడ ఇలా మాత్రలకు అలవాటుపడ్డ వాళ్ళను చూసే డాక్టరమ్మ ఉంది. ముందు నన్ను బయట కూర్చోబెట్టి వాడితో మాట్లాడింది. తరువాత నన్ను పిలిచి, ఇప్పుడు మామకు నువ్వే చెప్పు అంది.

వాడు చెప్పింది ఇది. తొమ్మిదో తరగతి పరీక్షలప్పుడు కబడ్డీలో కాలు మెలిక పడింది. నువ్వు నీ నడుము నొప్పి సెట్టులో నుంచి ఒక మాత్ర సగం విరిచి ఇచ్చావు. "కాలి నొప్పి పోయింది. దాంతో పరీచ్చ బయం గూడా పోయింది" అన్నాడు. ఆ తరువాత సాయంత్రం నీకోసం మెడికల్‌కు పోయినప్పుడల్లా నీ సెట్టులో ఒకటి తీసుకున్నాడు. నీకు తెలుస్తుందని, రెండు సెట్లు అడగడం మొదలుపెట్టాడు. అమ్మకి ఒక సెట్టు, అమ్మతో పనిచేసే అక్కకి ఒక సెట్టు అని చెప్పాడట. ఆ మెడికల్ ముత్తురామన్ డాక్టరు కాగితం అడగలేదు, ఎవరని అడగలేదు. ఇప్పుడు అది రోజుకు ఎన్నో రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. గంజాయి వాడు ముట్టలేదు. ఆ ఇద్దరి పక్కన ఊరికే నిలబడ్డాడు.

డాక్టరమ్మ ఇంట్లో ఈ మాత్ర ఇంకెవరైనా వేసుకుంటారా అని అడిగింది. లేదు అన్నాడు. నేను నోరు తెరవబోయాను. వాడు నా కాలు తొక్కాడు.

బస్‌స్టాపులో గట్టిగా అడిగాను. అప్పుడు అన్నాడు. "అమ్మకి చెప్పొద్దు మామా. చెప్తే అమ్మది గూడా ఆపేస్తారు. అది లేకుంటే అమ్మ పనికి పోలేదు."

అక్కా, నువ్వు వాడి బూట్లలో వెతికావు. మా మిల్లులో మూటలు మోసేవాళ్ళూ వేసుకుంటారు. ఎండాకాలం నడుము పట్టినప్పుడు నేనూ వేసుకున్నాను. అందుకే నాకూ తట్టలేదు. నిన్ను తప్పుపట్టడానికి రాయడం లేదు. కానీ నువ్వు ఎన్నాళ్ళుగా వేసుకుంటున్నావు? రోజుకు ఎన్ని?

శ్రీనివాసన్.


కోవిల్‌పట్టి,
12 జూలై.

శ్రీనివాసన్‌కు,

నా కొడుకును బాగుచేయమని పంపితే నా మీద తీర్పు రాసి పంపావు.

నేను వేసుకునేది మందు. మెడికల్ అని బోర్డు పెట్టి, లైటు వేసి, ఊరంతా చూస్తుండగా అమ్మేది. సందులో నిలబడి ఎవరి దగ్గరా కొనలేదు. మా ఆపీసులో వేసుకోని ఆడది ఎవరో చూపించు. సూపర్‌వైజరు డ్రాయరులోనే ఒక మాత్రల అట్ట ఉంటుంది, పని ఎక్కువ ఉన్న రోజు వాడే తెచ్చి ఇస్తాడు. పద్నాలుగేళ్ళు ఈ నడుముతో పని చేశాను. వాడి ఫీజు, వాడి బట్టలు, నువ్వు తప్పుపట్టిన ఆ ఫోను, అన్నీ ఈ నడుమే కొన్నది. సెట్టు లేకుండా ఒక్క రోజు వచ్చి నా చోట కూర్చో, తరువాత రాయి.

నొప్పితో ఏడ్చే పిల్లవాడికి సగం మాత్ర ఇవ్వడం నేరమా? నువ్వు కార్తికకు ఇవ్వలేదా?

గంజాయి తాగాడని నువ్వు రాసినా నాకు ఇంత బాధ ఉండేది కాదు. వాణ్ణి పంపించేయి. నా పిల్లవాణ్ణి నేనే చూసుకుంటాను.

గురువమ్మాళ్.


విరుదునగర్,
19 జూలై.

అక్కకు,

పంపను.

కార్తికకు ఇచ్చాను. అది నిజం. ముత్తులక్ష్మి ఇంట్లో ఉన్నవన్నీ తీసి పారేసింది.

కణ్ణన్‌కు వాంతులు తగ్గాయి. అన్నం తింటున్నాడు. ఆసుపత్రిలో ఇచ్చిన మందు ఒక్కసారిగా ఆపేది కాదు, కొంచెం కొంచెంగా తగ్గించేది. ప్రతి గురువారం పోవాలి. తల్లి గాని తండ్రి గాని పక్కన ఉండాలని డాక్టరమ్మ చెప్పింది. వాడు అక్కడ చెప్పాల్సింది మీ ముందు చెప్పాలట. మేనమామ చాలడట. బావకు ఫోన్ చేశాను. లోడులో ఉన్నాను, వాడి అమ్మను అడుగు అని పెట్టేశాడు. రెండు గురువారాలు అయిపోయాయి. రెండుసార్లూ వాడు తలుపు వైపు కూర్చున్నాడు.

నీ తప్పు లేదనే అనుకుందాం. వచ్చి ఆ మాటే డాక్టరమ్మకు చెప్పు.

శ్రీనివాసన్.


కోవిల్‌పట్టి,
27 జూలై.

తమ్ముడికి,

నువ్వు రాసింది అబద్ధమని చూపించాలని నాలుగు రోజులు మాత్ర ముట్టకూడదనుకున్నాను. మందే కదా, వద్దంటే మానేస్తాను అనుకున్నాను.

మొదటి రోజు నడుము నొప్పి తప్ప ఏమీ లేదు. గెలిచానని అనుకున్నాను. రెండో రోజు పొద్దున్నే ముక్కు కారడం మొదలైంది. పుల్లల కట్ట చేతిలో నుంచి జారిపోయింది. ఒళ్ళంతా చెమట, లోపల చలి. కాళ్ళ లోపల చీమలు పాకినట్టు ఉంటే కింద కూర్చోలేక లేచి నిలబడ్డాను. సూపర్‌వైజరు అరిచాడు. పక్కన కూర్చునే వళ్ళి నా మొహం చూసి కొంగు ముడిలో నుంచి ఒకటి తీసింది. "వేసుకో యక్కా. నువ్వు అలిగి కూసుంటే పెట్టెలు వాటంతట అవే నిండవు" అంది.

వేసుకున్నాను. అరగంటలో మనిషినయ్యాను.

భోజనం వేళ నీ పెద్ద ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. ముక్కు, ఆవలింతలు, చెమట, కాళ్ళు. నువ్వు ఏ వరసలో రాశావో నాకూ ఆ వరసలోనే వచ్చాయి. వాణ్ణి నమ్మకు అని నీకు రాసింది నేనే.

సాయంత్రం ముత్తురామన్ దగ్గరకు పోయాను. పిల్లవాడికి ఇలా ఎలా ఇస్తావని నలుగురూ వినేట్టు అడిగాను. అతను గొంతు పెంచలేదు. మూడేళ్ళుగా మీ పేరు చెప్పే తీసుకుపోతున్నాడు, మీరు ఒక్కనాడైనా వచ్చి వాడికి ఇవ్వవద్దని చెప్పారా అన్నాడు. మీకు కావలసినప్పుడు మాత్రం కాగితం అడగకూడదు, అంతేనా అన్నాడు.

ఇంకొకటి కూడా రాయాలి. అక్కడ నుంచి వచ్చేముందు ఒక సెట్టు కొన్నాను.

గురువారం రమ్మంటున్నావు. వచ్చి ఆ పిల్లవాడి ముందు ఏ మొహంతో కూర్చునేది? ముందు నేను మానేసి, తరువాత వస్తాను.

అక్క.


విరుదునగర్,
2 ఆగస్టు.

అక్కకు,

నువ్వు మానేసి వచ్చేదాకా వాడు ఆగేలా లేడు.

మంగళవారం పది గంటలకు మిల్లులో చూస్తే లేడు. లారీకి కాటా వేస్తూ వేస్తూ వదిలేసి పరిగెత్తాను. బస్‌స్టాండ్ ఎదురుగా ఒక మెడికల్ మెట్ల మీద కూర్చున్నాడు. లోపల అడిగాడట, డాక్టరు కాగితం లేకుండా ఇవ్వం అన్నారట. పిలిచిన వెంటనే లేచి నా వెంట వచ్చాడు. కొట్టాలనే పోయాను, కొట్టలేదు. ఆ రోజు సగం కూలి మేస్త్రీ కోసేశాడు, అది వేరే సంగతి.

దారిలో వాడు అన్నాడు. "అమ్మ వస్తాదా రాదా, ఒక మాట చెప్పు మామా. రాదంటే నేను ఎదురు చూసేది ఆపేస్తాను."

నిన్న నాలుగో గురువారం. నువ్వు రాలేదు.

నాకు ఓపిక అయిపోయింది. మా ఇంట్లో ఆమెకు ఎప్పుడో అయిపోయింది. నేను తాళం వేసి ఉంచగలను, కాపలా కాయగలను, అంతే. నువ్వు బాగుపడి రానక్కరలేదు. ఎలా ఉన్నావో అలాగే రా. ఎనిమిదో తేదీన రాకపోతే తొమ్మిదిన వాణ్ణి బస్సు ఎక్కిస్తాను. తరువాత ఏం జరిగినా నాకు ఉత్తరం రాయకు.

శ్రీనివాసన్.


కోవిల్‌పట్టి,
31 ఆగస్టు.

తమ్ముడికి,

ఎనిమిదిన నేను వచ్చిన ఆ గురువారం నువ్వు గది బయట ఉన్నావు. లోపల ఏం జరిగిందో నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. బస్సు దగ్గర నన్ను తిట్టి పంపావు. అందుకే రాస్తున్నాను.

డాక్టరమ్మ ఇంట్లో ఇంకెవరైనా అని మళ్ళీ అడిగింది. కణ్ణన్ లేదు అనడానికి నోరు తెరిచాడు. నేను ముందే చెప్పేశాను. ఎన్నేళ్ళు, రోజుకు ఎన్ని, వాడికి మొదటి సగం ఎవరిచ్చారు, అన్నీ చెప్పాను. వాడు నేల చూస్తూ కూర్చున్నాడు. ఆమె తిడుతుందనుకున్నాను. ఇంకో కార్డు తీసి నా పేరు, వయసు రాసుకుంది.

ఇద్దరికీ తగ్గించే మందే. ఎవరి మందు వాళ్ళ చేతిలో ఉండకూడదు అంది. వాడిది నా దగ్గర. అప్పుడు వాడు, "మరి అమ్మది ఎవురి చేతిలో?" అన్నాడు. మీ బావ చేతిలో అంటే, ఆయన వచ్చేది శనివారం. నేను పెట్టుకుంటాను అన్నాడు కణ్ణన్. డాక్టరమ్మ ఒప్పుకోలేదు. నేనే పట్టుబట్టాను. వాడు దొంగిలిస్తే దొంగిలించనీ, వాణ్ణి నమ్మకుండా రెండు నెలలు చూశాను కదా అన్నాను. ఆమెకు అది నచ్చలేదు. వారానికి సరిపడా మాత్రమే, అదీ నాలుగు రోజులకు ఒకసారి ఫోనులో చెప్పాలని ఇచ్చింది. నువ్వూ నీకు మతి ఉందా అన్నావు. ఉందో లేదో ఇప్పటికీ నాకు తెలియదు.

కణ్ణన్ బడికి పోతున్నాడు. నెల పరీక్షలో రెండు పోయాయి. తండ్రితో మాట్లాడడు. మీరిద్దరూ కలిసి నా పరువు తీశారని మీ బావ అన్నం ముందు నుంచి లేచిపోయాడు. అన్నీ చక్కబడ్డాయని రాయను.

మధ్యాహ్నం బడి విడిచినప్పుడు సైకిలు మీద మా ఆపీసు గేటుకు వస్తాడు. నా మాత్ర ఒకటి చేతిలో పెట్టి, నేను మింగేదాకా చూసి పోతాడు. మొదటి రోజు అందరూ చూశారు. "ఏమి యక్కా, నీ డాక్టరు సైకిల్ మీద వస్తాడే" అని వళ్ళి నవ్వింది. రెండు వారాల తరువాత అదే వళ్ళి, ఆ గురువారం ఆసుపత్రి ఏ పక్కన అని అడిగింది. మిగతావాళ్ళు ఇంకా నవ్వుతున్నారు.

మొన్న బుధవారం సంగతి చెప్పాలి. నా మందు సగానికి తగ్గించిన వారం అది. ఆర్డరు ఎక్కువ ఉంది, సూపర్‌వైజరు నెత్తిన నిలబడ్డాడు. నడుము విరిగిపోతున్నట్టు ఉంది. గేటు దగ్గర వాడు ఇచ్చింది మింగి, రేపటిది కూడా ఇచ్చేయి అన్నాను.

"రేపటిది రేపే అమ్మా" అన్నాడు.

ఈ ఒక్కసారే అన్నాను. తల అడ్డంగా ఊపాడు. నాకు ఏమయిందో తెలియదు. నోటికి వచ్చింది అన్నాను. నువ్వు నాకు బుద్ధి చెప్పేవాడివా, నీ బతుకు ఊరికి తెలియదా, నీవల్లే నాకు ఈ గతి అన్నాను. వాచ్‌మన్ చూస్తున్నాడు. వాడు జేబు మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. ఆ చెయ్యి లాగాను. రాలేదు. చెయ్యెత్తాను.

"కొడితే కొట్టు. ఇయ్యను" అన్నాడు. వాడి కళ్ళల్లో నీళ్ళు ఉన్నాయి గాని చెయ్యి తీయలేదు.

కొట్టలేదు. లోపలికి పోయాను. ఆ రోజు మామూలులో సగం పెట్టెలే నింపాను. సూపర్‌వైజరు డ్రాయరు తెరిచి పిలిచాడు. పోలేదు. ఇంటికి పోయాక ఇద్దరం ఒక మాట మాట్లాడుకోలేదు.

మర్నాడు మధ్యాహ్నం గంట కొట్టినప్పుడు వాడు ఇక రాడనుకున్నాను. వచ్చినా నేను ఎలా ఎదురుపడేది అనుకున్నాను. అందరూ లేచి అన్నం డబ్బాలు విప్పుతున్నారు. చివరికి లేచి పోయాను.

వాడు నాకంటే ముందే వచ్చి నిలబడి ఉన్నాడు.

ఇట్లు,
అక్క గురువమ్మాళ్.